పాత మోటోక్రాస్ బండికి బ్రిటన్‌లో రోడ్డు రిజిస్ట్రేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

1960ల నుంచి 1980ల తొలి సంవత్సరాల వరకు తయారైన మోటోక్రాస్ బళ్లను రోడ్డు మీదకు, అక్కడి నుంచి అడవి, కొండ దారుల్లో సాగే ఎండ్యూరో పోటీలకు తీసుకువెళ్లాలనుకునే తెలుగువారి కోసం ఈ సమాధానాలు. ఇవి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లాండ్‌లో వాహన పరీక్షను వేరే సంస్థ నిర్వహిస్తుంది కాబట్టి అక్కడివారు ఆ భాగాన్ని విడిగా చూసుకోవాలి. స్వదేశంలో ఇదే పని చేయదలచినవారి కోసం చివరలో ఒక ప్రశ్న ఉంది.

మోటోక్రాస్ బండిని ఉన్నదున్నట్టుగా రోడ్డు మీద ఎందుకు నడపకూడదు?

దానికి రిజిస్ట్రేషన్ ఉండదు. మూసి ఉన్న మట్టి ట్రాక్ మీద పందెం కోసమే తయారై, కంపెనీ నుంచి నేరుగా పందెగాడి చేతికి వెళ్లిన బండి అది. దీపాలు, హారన్, స్పీడోమీటర్, సైడ్ స్టాండ్, నంబర్ ప్లేటు, ఇవేవీ దానికి ఉండవు. రిజిస్ట్రేషన్, బీమా లేని బండి ప్రజా మార్గం మీద పోలీసుల కంటపడితే స్వాధీనం చేసుకునే అధికారం వారికి ఉంది. ఇంటి ముందు సందులో ఇంజిన్ పరీక్షించడానికి తీసిన చిన్న చక్కరు కూడా చట్టం దృష్టిలో రోడ్డు మీద నడపడమే.

రోడ్డు కోసం తయారు చేయని బండిని రోడ్డుకు రిజిస్టర్ చేయడం చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే. కొత్త బండి అయితే రోడ్డుకు తగినదని ఆమోదం పొందాలి. ఆ ఆమోదం లేకుండా విడిగా వచ్చిన బళ్లకు మోటార్‌సైకిల్ సింగిల్ వెహికల్ అప్రూవల్ అనే పరీక్ష ఉంది. పదేళ్లు దాటిన బళ్లకు అది అక్కర్లేదు. అందువల్ల 1974 నాటి మైకో గానీ సీజెడ్ గానీ, అలాంటి ఏ కంపెనీ పందెం బండైనా రోడ్డుకెక్కడానికి రెండే రెండు అవసరాలు మిగులుతాయి. అది ఫలానా సంవత్సరంలో తయారైన ఫలానా బండే అని కాగితాలతో నిరూపించాలి, రోడ్డు వాడుక నిబంధనలకు తగినట్టుగా దాన్ని అమర్చాలి. చాలామంది ఈ రెండో పనితో మొదలుపెడతారు. డబ్బు, శ్రమ వృథా కాకూడదంటే మొదటిది తేలేవరకు పానా పట్టుకోకపోవడం మేలు.

కొనేముందు అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

ఛాసిస్ నంబర్. రిజిస్ట్రేషన్ మొత్తం దాని మీదే నిలుస్తుంది. మోటోక్రాస్ బళ్లలో ఇది సాధారణంగా హ్యాండిల్ తిరిగే గొట్టం పక్కన గానీ దాని ముందు భాగంలో గానీ కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబర్ క్రాంక్‌కేస్ మీద ఉంటుంది. పందెం బళ్లకు ఇంజిన్లు మారుతూనే ఉంటాయి కాబట్టి ఆ రెండు నంబర్లు ఒకదానికొకటి సరిపోకపోయినంత మాత్రాన బెంగపడనవసరం లేదు. ఛాసిస్ నంబర్ మాత్రం స్పష్టంగా, కంపెనీ కొట్టినదిగా ఉండాలి.

దీన్ని చూసే పద్ధతి ఒకటుంది. దశాబ్దాల తరబడి పూసిన రంగుపొరల కింద అంకెలు సగం పూడిపోయి ఉంటాయి. వాటి మీద గ్రైండర్ గానీ ఇసుక కాగితం గానీ వాడకూడదు. అలా చేస్తే రంగుతో పాటు అంకె అంచులు కూడా అరిగిపోతాయి, తర్వాత వాటిని చూసేవారికి ఎవరో నంబర్ చెరిపారన్న అనుమానం వస్తుంది. పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక గుడ్డతో తుడవాలి. తర్వాత పలచటి కాగితం అంటించి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా రుద్దితే అంకెలు తెల్లగా కాగితం మీదకు వస్తాయి. చీకటి షెడ్డులో టార్చిని ఒక పక్క నుంచి పట్టుకుని తీసిన ఫొటోలో అంకెల లోతు, వరుస, మధ్య ఎడం కనిపిస్తాయి. ఫ్యాక్టరీ అంకెలు సాధారణంగా ఒకే పరిమాణంలో ఉంటాయి. ఒక అంకె పక్కకు ఒరిగి, మరొకటి లోతుగా దిగి, చుట్టూ లోహం చదునుగా అరిగి ఉంటే ఆ బండిని వదిలేయడమే మంచిది. ఆ పెన్సిల్ కాగితాన్ని, ఫొటోలను దాచుకోండి, అవి దరఖాస్తులోనూ పనికొస్తాయి.

నంబర్ పూర్తిగా చెరిగిపోయిన ఛాసిస్ మీద సొంతంగా నంబర్ కొట్టించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అమ్మేవారు "అది చిన్న పనే" అన్నా ఒప్పుకోవద్దు. దొంగ బళ్ల గుర్తింపు మార్చే పద్ధతి కూడా అదే కాబట్టి ఆ బండి గురించి మీరు తర్వాత చెప్పే మాటకు విలువ ఉండదు.

తయారైన సంవత్సరాన్ని ఎలా నిరూపించాలి?

బ్రిటన్‌లో వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ, స్వాన్సీ నగరంలోని కార్యాలయం నుంచి పనిచేస్తుంది. వయసు విషయంలో అది సొంతదారు మాటను అంగీకరించదు. కంపెనీ రికార్డుల నకలు గానీ, డీవీఎల్ఏ గుర్తించిన పాతబళ్ల క్లబ్బు ఇచ్చే వయసు ధ్రువీకరణ లేఖ గానీ కావాలి. 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ ఇలాంటి లేఖలు ఇస్తుంది, బీఎస్ఏ వంటి పాత బ్రిటిష్ కంపెనీల ఫ్యాక్టరీ పుస్తకాలు కూడా దాని గ్రంథాలయంలో ఉన్నాయి. జపాన్ బళ్లకు వింటేజ్ జపనీస్ మోటార్‌సైకిల్ క్లబ్ ఉంది. క్లబ్బు వారు ఛాసిస్ నంబర్‌ను తమ దగ్గరున్న జాబితాతో సరిచూసి, అవసరమైతే ఫొటోలు అడిగి, తయారీ సంవత్సరాన్ని లిఖితపూర్వకంగా చెబుతారు. అమెరికా నుంచి వచ్చిన బండికి అక్కడి టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) ఉంటే అది ఈ పనిని బాగా తేలిక చేస్తుంది, కనుక అమ్మేవారిని ఆ కాగితం కోసం గట్టిగా అడగండి.

క్లబ్బుల్లో ఈ పని చేసేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. సమాధానం రావడానికి సమయం పడుతుంది. మర్యాదగా, పూర్తి వివరాలతో, స్పష్టమైన ఫొటోలతో రాసినవారి పని త్వరగా తెములుతుంది.

నా బండికి ఒకప్పుడు నంబర్ ఉండేదట. దాన్ని తిరిగి పొందవచ్చా?

కొన్ని బళ్ల విషయంలో పొందవచ్చు. బ్రిటన్‌లో మోటోక్రాస్‌ను మొదట స్క్రాంబ్లింగ్ అని పిలిచేవారు, అలాంటి తొలినాటి పందెం 1924లో సర్రీలోని క్యాంబర్లీ దగ్గర జరిగింది. అప్పటినుంచి 1960ల వరకు చాలామంది బండిని రోడ్డు మీదే పందానికి నడుపుకొచ్చి, దీపాలు తీసి పరిగెత్తించి, మళ్లీ దాని మీదే ఇంటికి వెళ్లేవారు. అందువల్ల బీఎస్ఏ, గ్రీవ్స్ వంటి బళ్లలో కొన్నింటికి నంబర్లు ఉండేవి. రికార్డులు కంప్యూటర్లకు మారిన కాలంలో వాటిలో చాలా నంబర్లు కొత్త రికార్డులోకి చేరలేదు. పాత లాగ్‌బుక్కు వంటి ఆధారం, గుర్తింపు పొందిన క్లబ్బు సిఫారసు ఉంటే వీ765 అనే ఫారం ద్వారా ఆ నంబర్‌ను తిరిగి కోరవచ్చు. ఆ ఆధారంలో నంబర్, ఛాసిస్ నంబర్ రెండూ కలిసి కనిపించాలి. అలా తిరిగి వచ్చిన నంబర్‌ను సాధారణంగా వేరే బండికి మార్చుకోనివ్వరు.

హోండా ఎల్సినోర్, సుజుకీ ఆర్ఎం, యమహా వైజెడ్ వంటి బళ్లకు మొదటినుంచీ నంబర్ ఉండేది కాదు కాబట్టి ఈ దారి వాటికి వర్తించదు.

విదేశం నుంచి తెప్పించిన బండికి అదనంగా ఏం కావాలి?

బండి దేశంలోకి వచ్చిన 14 రోజుల్లో పన్నుల శాఖకు నోవా అనే విధానంలో తెలియజేయాలి. పన్ను లెక్క తేలినట్టు అక్కడ నమోదు కాకపోతే డీవీఎల్ఏ రిజిస్ట్రేషన్ ఇవ్వదు. 30 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు స్థితిలో ఉండి, తయారీ నిలిచిపోయిన నమూనాకు చెందిన బండిని సేకరణ వస్తువుగా దిగుమతి చేసుకోవచ్చు. అలాంటప్పుడు కస్టమ్స్ సుంకం ఉండదు, వ్యాట్ 5 శాతమే పడుతుంది. ఈ తేడా చిన్నది కాదు. దిగుమతి చేసే ఏజెంటుకు ఈ విషయాన్ని బండి ఓడ ఎక్కకముందే చెప్పాలి, ఎందుకంటే ఒకసారి సాధారణ వాహనంగా నమోదై పన్ను కట్టాక వెనక్కి రాబట్టుకోవడం పెద్ద తతంగం.

దరఖాస్తులో ఏమేం పంపాలి?

వాడిన బండిని మొదటిసారి రిజిస్టర్ చేయడానికి వీ55/5 అనే ఫారం ఉంది. దానితో పాటు మీ గుర్తింపు, చిరునామా ఆధారాల నకళ్లు, వయసు ధ్రువీకరణ లేఖ, ఎంఓటీ (బండి రోడ్డుకు తగిన స్థితిలో ఉందో లేదో ఏటా చూసే పరీక్ష) సర్టిఫికెట్ లేదా మినహాయింపును ప్రకటించే వీ112 ఫారం, దిగుమతి బండి అయితే దానికి సంబంధించిన కాగితాలు, 55 పౌండ్ల రిజిస్ట్రేషన్ రుసుము పంపాలి. ఫారంలో కార్లకు, కొత్త బళ్లకు సంబంధించిన గళ్లు చాలా ఉంటాయి. వాటిలో మీ బండికి వర్తించనివాటిని ఖాళీగా వదిలేయవచ్చు. కానీ తయారీదారు, మోడల్, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, ఇంజిన్ సామర్థ్యం, తయారీ సంవత్సరం అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఒక కాగితంలో అంకెల మధ్య గీత ఉండి మరొకదానిలో లేకపోవడం వంటి చిన్న తేడాకే మొత్తం కట్ట వెనక్కి రావచ్చు. పంపే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుని, రిజిస్టర్డ్ తపాలాలో పంపండి.

పరిశీలన కోసం బండిని చూపించమని అడిగే అధికారం డీవీఎల్ఏకు ఉంది. అందువల్ల దరఖాస్తు పంపేనాటికి బండి పెట్టెల్లో విడిభాగాలుగా కాక, పూర్తిగా బిగించి ఉండాలి.

అంతా సరిగా ఉంటే బండి వయసుకు తగిన నంబర్, ఆ తర్వాత వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం వస్తాయి. ఉదాహరణకు 1976 ఆగస్టు నుంచి 1977 జూలై వరకు రోడ్డెక్కిన బళ్ల నంబర్ల చివర ఆర్ అక్షరం ఉంటుంది. ఆ కాలపు బండికి ఆ అక్షరంతో నంబర్ రావడం ఎంత తృప్తినిస్తుందో దాన్ని బిగించుకున్నవారికి తెలుసు.

క్యూ ప్లేటు అంటే ఏమిటి? అది రాకుండా ఎలా చూసుకోవాలి?

వయసు గానీ గుర్తింపు గానీ తేలని బళ్లకు, వేర్వేరు బళ్ల భాగాలతో కూర్చిన బళ్లకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఇస్తారు. దానితో బండి అమ్మకపు విలువ బాగా పడిపోతుంది, చారిత్రక బండికి దొరికే రాయితీలూ అందవు. వయసు లేఖ సంపాదించకుండా దరఖాస్తు పెట్టడమే దీనికి ముఖ్య కారణం.

దీపాలు తప్పనిసరిగా పెట్టాలా?

పెట్టనవసరం లేదు, ఇది చాలామందికి తెలియని విషయం. 1989 నాటి రోడ్ వెహికల్స్ లైటింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం ముందూ వెనకా దీపాలే లేని బండిని సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, చూపు బాగా ఆనే వాతావరణంలో నడపవచ్చు. ఎంఓటీ పరీక్షలో కూడా ఇలాంటి బండిని పగటి వాడుకకు మాత్రమే అన్న సూచనతో పాస్ చేస్తారు. ఉన్న దీపాలను శాశ్వతంగా విడదీసినా, కనిపించకుండా మూసినా అదే వర్తిస్తుంది. అరకొరగా పనిచేసే దీపం ఉంటే మాత్రం పరీక్షలో పోతుంది. ఉంటే అన్నీ పనిచేయాలి, లేకపోతే ఏదీ ఉండకూడదు.

ఇండికేటర్లు 1986 ఆగస్టు 1కి ముందు వాడుకలోకి వచ్చిన మోటార్‌సైకిళ్లకు అక్కర్లేదు. వేసవి ఆదివారాల్లో పల్లె దారుల్లో తిరగడమే మీ ఉద్దేశమైతే పగటి వాడుక పద్ధతి చాలు. అసలు బండిలో రంధ్రాలు పెట్టకుండా, వైర్లు లాగకుండా దాని రూపం నిలుస్తుంది కాబట్టి అరుదైన బండికి నేను ఈ దారినే సిఫారసు చేస్తాను. నవంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే దేశంలో ఏడాది పొడవునా తిరగాలనుకునేవారికి, సాయంత్రం దాకా సాగే ఎండ్యూరోల్లో పాల్గొనేవారికి దీపాలు కావాలి.

దీపాలకు విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మోటోక్రాస్ ఇంజిన్‌లోని మాగ్నెటో స్పార్క్ ప్లగ్గుకు నిప్పురవ్వ ఇవ్వడానికే తయారైంది. దీపాలకు కరెంటు ఇచ్చే చుట్టలు దానిలో ఉండవు. కొన్ని పందెం ఇగ్నిషన్లలో తిరిగే భాగం గుప్పిట్లో పట్టేంత చిన్నది, దాని చుట్టూ అదనపు చుట్టకు చోటే ఉండదు.

మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, అదే ఇంజిన్‌తో వచ్చిన ఎండ్యూరో బండి నుంచి స్టేటర్ (కరెంటు చుట్టలున్న కదలని భాగం), ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) తెచ్చి బిగించడం. హుస్క్‌వర్నాలో సీఆర్ మోటోక్రాస్ బండి అయితే డబ్ల్యూఆర్ ఎండ్యూరో బండి, మైకోలో ఎంసీకి జీఎస్ అలా తోడు. ఒకే కుటుంబం కాబట్టి భాగాలు చాలావరకు సరిపోతాయి, పాత రూపమూ చెడదు. రెండోది, ఈ బళ్ల కోసమే ఇప్పుడు తయారవుతున్న 12 వోల్టుల పూర్తి సెట్టు కొనడం. ఇందులో ఇగ్నిషన్ కూడా కొత్తదే కావడంతో ఏళ్ల నాటి మోటోప్లాట్ కంపెనీ ఇగ్నిషన్ యూనిట్ దారి మధ్యలో చచ్చిపోతుందన్న భయం తీరుతుంది. మూడోది, చిన్న బ్యాటరీ పెట్టి ప్రయాణానికి ముందు ఛార్జి చేసుకోవడం. పొదుపైన ఎల్ఈడీ దీపాలు వచ్చాక ఇది ఆచరణలోకి వచ్చింది గానీ, దీన్ని అత్యవసర ఏర్పాటుగానే చూడాలి.

కొత్త ఫ్లైవీల్ బరువు పెరిగితే ఇంజిన్ చురుకుదనం కొంత తగ్గుతుంది. రాళ్ల దారిలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రం అదే మేలు చేస్తుంది, ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోదు. ఎండ్యూరో బళ్లకు బరువైన ఫ్లైవీల్ పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. మాగ్నెటో నుంచి వచ్చేది ఏసీ కరెంటు, ఇంజిన్ వేగంతో పాటు వోల్టేజి పెరుగుతుంది. దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లేకుండా బిగిస్తే బల్బులు వరుసగా కాలిపోతాయి. సాధారణ హారన్‌కు డీసీ కావాలి కాబట్టి ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌తో కూడిన రెగ్యులేటర్‌ను ఎంచుకోండి.

ఇంకా ఏమేం అమర్చాలి?

హారన్ కావాలి. 1973 ఆగస్టు నుంచి వాడుకలోకి వచ్చిన బండికి దాని మోత తెగకుండా, ఒకే తీరుగా ఉండాలి కాబట్టి చేతితో నొక్కే రబ్బరు బూర పనికిరాదు. 250 సీసీ బండికి స్పీడోమీటర్ చట్టం ప్రకారం ఉండాలి. ముందు చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి పనిచేసే డిజిటల్ మీటరు సరిపోతుంది. అద్దాలు పరీక్షలో చూడరు గానీ, వెనక నుంచి వచ్చే లారీని చూడకుండా రోడ్డు మీద తిరగడం తెలివైన పని కాదు.

టైర్ల విషయంలో జాగ్రత్త. మోటోక్రాస్ టైరు పక్కన రోడ్డు వాడుకకు కాదు అన్న ముద్ర ఉంటే పరీక్షలో పోతుంది. అలాంటి టైరు పెద్ద గుబ్బలు తారు రోడ్డు మూలల్లో వంగిపోతాయి కూడా. రోడ్డు ముద్ర ఉన్న ఎండ్యూరో టైర్లు దొరుకుతాయి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఎం నిబంధనల్లో వెనక ఎండ్యూరో టైరు గుబ్బ ఎత్తు 13 మిల్లీమీటర్లకు మించకూడదు, అవే రోడ్డుకూ అనుకూలం. సైలెన్సర్ మీద రోడ్డుకు కాదు అన్న ముద్ర ఉండకూడదు, లోపలి దూది కొత్తగా నింపి ఉండాలి.

మోటార్‌సైకిల్ నంబర్ ప్లేటు అక్షరాల ఎత్తు 64 మిల్లీమీటర్లు. చారిత్రక పన్ను తరగతిలో ఉండి, 1980 జనవరి 1కి ముందు తయారైన బండికి నల్ల పలక మీద వెండి రంగు అక్షరాల పాతకాలపు ప్లేటు పెట్టుకోవచ్చు. వెనక మడ్‌గార్డు పలచటి ప్లాస్టిక్ కాబట్టి ప్లేటుకు కింద అల్యూమినియం పలక ఆసరాగా పెట్టకపోతే మొదటి ప్రయాణంలోనే విరిగిపోతుంది.

40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ, పన్ను అక్కర్లేదన్నది నిజమేనా?

నిజమే. 2018 మే 20 నుంచి, తయారై 40 ఏళ్లు దాటి, గత 30 ఏళ్లలో గణనీయమైన మార్పులు జరగని బళ్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. రోడ్డు పన్ను విషయంలో, జనవరి 1 నాటికి 40 ఏళ్లు నిండిన బళ్లు ఆ ఏడాది ఏప్రిల్ నుంచి చారిత్రక తరగతికి అర్హత పొందుతాయి. చెల్లించేది సున్నా అయినా ఏటా పన్ను నమోదు చేయించుకోవాలి. లండన్ కాలుష్య రుసుము కూడా ఆ తరగతి బళ్లకు వర్తించదు.

అయినా మొదటి ఏడాది ఎంఓటీ చేయించండి. ఎన్నో ఏళ్లు షెడ్డులో పడి ఉన్న డ్రమ్ బ్రేకులను, స్టీరింగ్ బేరింగులను, చక్రాల పుల్లలను పరాయి కన్ను ఒకసారి చూడడం మంచిది. పైగా ఆ సర్టిఫికెట్ దరఖాస్తుకు బలం. రిజిస్ట్రేషన్ రాకముందే ఛాసిస్ నంబర్ మీద పరీక్ష చేస్తారు. పరీక్షా కేంద్రానికి బండిని వ్యానులో తీసుకెళ్లండి.

ఇంజిన్ రోడ్డు ప్రయాణాన్ని తట్టుకుంటుందా?

కొద్ది దూరాలకు తట్టుకుంటుంది. మోటోక్రాస్ గేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. టాప్ గేరులో కూడా ఇంజిన్ గోల పెడుతుంది. ముందు స్ప్రాకెట్‌కు ఒకటి రెండు పళ్లు పెంచితే రోడ్డు మీద ఊపిరి తీసుకుంటుంది గానీ, మొదటి గేరు పొడవై నిటారు ఎక్కుళ్లలో క్లచ్ మీద భారం పడుతుంది.

ముఖ్యంగా తెలుసుకోవలసింది పెట్రోలులో నూనె కలిపే టూ-స్ట్రోక్ ఇంజిన్ గురించి. ట్రాక్ మీద థ్రాటిల్ క్షణానికోసారి తెరుచుకుని మూసుకుంటుంది. రోడ్డు మీద మైళ్ల తరబడి ఒకే చోట నిలుస్తుంది, అప్పుడు పిస్టన్ వేడెక్కుతుంది. పొడవాటి దిగువలో థ్రాటిల్ మూసి ఇంజిన్‌తోనే వేగం ఆపుతుంటే, పెట్రోలు అందదు కాబట్టి దానితో వచ్చే నూనే అందదు, పిస్టన్ పట్టేస్తుంది. అలాంటి దిగువలో మధ్యమధ్య క్లచ్ నొక్కి ఒకసారి థ్రాటిల్ తిప్పడం పాతకాలపు రైడర్లకు అలవాటు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్‌ను ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ ఉండండి. చిన్న ట్యాంకు కాబట్టి పెట్రోలు బంకుల దూరం, నూనె సీసా రెండూ గుర్తుంచుకోవాలి.

ఎండ్యూరోకు రిజిస్ట్రేషన్ ఎందుకు? అది కూడా మట్టిలోనే కదా?

ఎండ్యూరో మార్గం అడవి, పొలం, కొండ దాటి మధ్యమధ్య ప్రజా రోడ్ల మీదుగా సాగుతుంది. 1913లో కార్లైల్‌లో మొదలైన ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్, 1981 నుంచి సిక్స్ డేస్ ఎండ్యూరో పేరుతో నడుస్తున్న పోటీ, రోడ్డుకు తగిన బళ్లతోనే జరిగింది. 1964లో తూర్పు జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో నటుడు స్టీవ్ మెక్వీన్ అమెరికా జట్టులో నడిపిన ట్రయంఫ్ కూడా దీపాలున్న బండే. నేటికీ రోడ్డు భాగం ఉన్న పోటీల్లో రిజిస్ట్రేషన్, బీమా, వర్తించేచోట ఎంఓటీ చూపాలి. పూర్తిగా ప్రైవేటు స్థలంలో జరిగే పోటీలకు ఇవేవీ అక్కర్లేదు. ఏ పోటీ ఏ తరహాదో దాని నిబంధనల పత్రంలో ఉంటుంది, ముందే చదవండి.

నంబర్ వచ్చినంత మాత్రాన ప్రతి మట్టిదారీ మీది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అన్ని వాహనాలకూ తెరిచి ఉన్న బైవేలు, హక్కులున్న మెటల్ వేయని రోడ్ల మీద మాత్రమే వెళ్లవచ్చు. 2006 నాటి చట్టం చాలా పాత దారుల్లో మోటారు వాహనాల హక్కును తొలగించింది. కాలిబాట మీద గానీ గుర్రాల దారి మీద గానీ అనుమతి లేకుండా నడపడం నేరం. 1970లో ఏర్పడిన ట్రయిల్ రైడర్స్ ఫెలోషిప్ స్థానిక బృందాల్లో చేరితే ఏ దారి తెరిచి ఉందో తెలిసినవారి వెంట తిరగవచ్చు.

నా భారతీయ లైసెన్సు చెల్లుతుందా?

బ్రిటన్‌లో నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలల పాటు, దానిలో మోటార్‌సైకిల్ తరగతి ఉంటే చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి పరీక్షలు పాసవ్వాలి. భారతీయ లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అక్కడి మధ్యస్థాయి మోటార్‌సైకిల్ లైసెన్సు అయిన ఏ2 తరగతిలో 35 కిలోవాట్ల శక్తి పరిమితితో పాటు, కిలో బరువుకు 0.2 కిలోవాట్లు మించకూడదన్న నియమం కూడా ఉంది. దాదాపు 100 కిలోల తేలికపాటి బండిలో 30 హార్స్‌పవర్ దాటిన ఇంజిన్ ఉంటే ఆ గీత దాటే అవకాశం ఎక్కువ. 125 సీసీ పందెం బండి కూడా నేర్చుకునేవారికి అనుమతించే 11 కిలోవాట్లకు మించి ఉంటుంది. అందుకని శక్తి పరిమితి లేని పూర్తి 'ఏ' తరగతి లైసెన్సు తీసుకునే ఈ పనిలోకి దిగండి.

బీమా దొరుకుతుందా?

పాతబళ్ల ప్రత్యేక బీమాదారుల దగ్గర దొరుకుతుంది, నంబర్ రాకముందు ఛాసిస్ నంబర్ మీద కూడా ఇస్తారు. ఇది మోటోక్రాస్ బండి అని, రోడ్డుకు మార్చామని రాతపూర్వకంగా చెప్పండి. మట్టి దారుల మీద రక్షణ ఉందో లేదో, పోటీలోని రోడ్డు భాగం వర్తిస్తుందో లేదో పాలసీ పదాల్లో చూడండి. విలువను ముందే ఒప్పుకున్న మొత్తంగా రాయించుకోవాలి, లేకపోతే నష్టం జరిగిన రోజు అపురూపమైన బండిని మామూలు పాత బండి ధరకు లెక్కగడతారు.

ఇంత శ్రమకన్నా నేరుగా ఎండ్యూరో బండి కొంటే పోదా?

చాలామందికి నా సలహా అదే. 1973లో వచ్చిన హోండా సీఆర్250ఎం ఎల్సినోర్‌కు దీపాలతో కూడిన ఎంటీ250 అనే రోడ్డు జంట ఉంది. యమహా ఐటీ, సుజుకీ పీఈ శ్రేణులు ఎండ్యూరో కోసమే పుట్టాయి, వెడల్పాటి గేర్లు, పెద్ద ట్యాంకు, దీపాలు వాటికి కంపెనీ నుంచే ఉన్నాయి. ఫ్యాక్టరీ భాగాలతో చెక్కుచెదరకుండా మిగిలిన మోటోక్రాస్ బళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. అలాంటిది మీ చేతికి వస్తే దాన్ని కోయకండి, పగటి రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకోండి. సగం భాగాలు ఇప్పటికే మారిపోయిన బండి అయితే మార్పులకు అభ్యంతరం లేదు.

ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయవచ్చా?

ఈ దారిలో కుదరదు. భారత ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మొదటి అమ్మకం తర్వాత తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బళ్లకు వీఏ అక్షరాలున్న నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు. వయసును తొలి రిజిస్ట్రేషన్ నుంచి లెక్కిస్తారు కాబట్టి ఎన్నడూ రిజిస్టర్ కాని పందెం బండి మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది. నంబర్ వచ్చిన బండిని కూడా ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు, సాంకేతిక పరిశోధన వంటి పనులకే తీయాలి. రోజువారీ వాడుకకు అనుమతి లేదు. రిజిస్టరై ఉన్న పాత యెజ్డీనో రాజ్‌దూత్‌నో మట్టి పోటీలకు సిద్ధం చేసుకునేవారు ఆర్‌సీ సజీవంగా ఉంచుకుంటే చాలు.

రిజిస్టర్ అయ్యాక మళ్లీ పందెం రూపానికి మార్చుకోవచ్చా? అమ్మవచ్చా?

రెండూ చేయవచ్చు. దీపాలు తీసి ట్రాక్ మీద నడిపినంత మాత్రాన రిజిస్ట్రేషన్ రద్దు కాదు. కానీ ఒకసారి నంబర్ వచ్చాక బండి పన్నులో గానీ, రోడ్డు మీద లేదని చెప్పే సోర్న్ ప్రకటనలో గానీ ఉండి తీరాలి. షెడ్డులో ఉన్నా సోర్న్ లేకుండా బీమా ఆపేస్తే జరిమానా నోటీసు వస్తుంది. చిరునామా మారితే వీ5సీలో మార్పించండి, ఇంజిన్ మారితే కొత్త నంబర్ తెలియజేయండి. అమ్మేటప్పుడు వయసు లేఖ, పెన్సిల్ కాగితం, దిగుమతి పత్రాలు, పరీక్ష సర్టిఫికెట్లు అన్నీ కొత్త సొంతదారుకు ఇవ్వండి. తీసేసిన అసలు ఇగ్నిషన్, స్ప్రాకెట్ వంటి భాగాలను కూడా ఒక పెట్టెలో కట్టి బండితో పాటే పంపండి.